మూడు వందల డెబ్బై ఆరో ఫైలు

"తీగ పీకేశావుగా, ఇంకా ఎందుకు వెలుగుతోంది?" అని అడిగింది జుమానా.

స్టోర్ గది నేల మీద చతికిలబడి కూర్చున్న ఆమె భర్త వజ్దీ తలెత్తలేదు. ఇంటర్నెట్ తీగను ఇంకా గుప్పిట్లోనే పట్టుకుని ఉన్నాడు, వదిలితే అదే మళ్లీ వెళ్లి తగులుకుంటుందేమో అన్నట్టు.

"మెషీన్‌కి కరెంటు ఉంది కాబట్టి. బయటికి మాత్రం దారి లేదు. ఇక ఏమీ పోదు."

"ఇక పోదు సరే. పోయినవాటి సంగతి?"

అతను తీగ కొసను వేలికి చుట్టుకున్నాడు.

పొద్దున తొమ్మిదింటికి వజ్దీ తల్లి నజ్లా ట్రిపోలీలో ఉన్న చెల్లెలితో వీడియోలో మాట్లాడుతుంటే బొమ్మ పదే పదే ఆగిపోయింది. ఇంటర్నెట్ ఎందుకింత నెమ్మదిగా ఉందో చూద్దామని వజ్దీ లేచాడు. చూస్తే ఇంట్లోంచి ఏదో బయటికి పోతోంది. ధారగా, ఆగకుండా. ఎక్కడికి పోతోందో తెలియదు. ఎక్కడినుంచి పోతోందో మాత్రం తెలిసింది. జుమానా నడిపే క్లినిక్ సర్వర్ నుంచి.

బదారో పేటలోని ఆ క్లినిక్‌కు మనసు బాగాలేనివాళ్లు వస్తారు. జుమానా, ఇంకో ఇద్దరు డాక్టర్లు వాళ్ల మాటలు వింటారు, విన్నది రాసిపెడతారు. అక్కడ కరెంటు నిలకడగా ఉండదని రెండేళ్ల క్రితం వజ్దీయే ఆ సర్వర్‌ను ఇంటికి తెచ్చి, మేడమీది సోలార్ బ్యాటరీలకు కలిపాడు. ఆరువందల నలభైమంది చెప్పుకున్నదంతా ఈ స్టోర్ గదిలో, ఊరగాయ జాడీల పక్కన, చిన్న నల్లపెట్టెలో ఉంది.

"పోయిన శుక్రవారం నేనే కదా నిన్ను అడిగాను," అంది జుమానా. "వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద లోపం బయటపడిందట, ప్రపంచంలో ఎక్కడ కూర్చున్నవాడైనా మన మెషీన్ చేత తను చెప్పిన పని చేయించగలడట, మనదీ అదేనా అని అడిగాను. నువ్వేమన్నావు?"

"అదేనన్నాను. సరిచేసిన కొత్తది అదేరోజు వచ్చిందన్నాను."

"సోమవారం మళ్లీ అడిగితే, ఆదివారమే పెట్టేశానన్నావు."

"అన్నాను."

"ఆదివారం మనం జాహ్లేలో మీ పిన్ని కూతురి నిశ్చితార్థంలో ఉన్నాం వజ్దీ. నువ్వు రాత్రిదాకా భోజనం బల్ల దగ్గరనుంచి లేవలేదు."

వజ్దీ తీగను నేలమీద పెట్టాడు. "సోమవారం పెడదామనుకున్నాను. పెట్టాలంటే అరగంట క్లినిక్ ఆపాలి. సోమవారం మీకు ఊపిరాడనంత మంది ఉన్నారు. మంగళవారం అనుకున్నాను."

"మరి పెట్టేశానని నాతో ఎందుకన్నావు?"

"నువ్వు భయపడతావని."

"ఇప్పుడు భయపడటం లేదనుకుంటున్నావా?"

అతను లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పాడు. సర్వర్ తన దగ్గరికి వచ్చిన ప్రతి కోరికనూ ఒక వరసలో రాసుకుంటుంది. వందలాది మామూలు వరసల మధ్య ఒకటి మాత్రం పొడుగ్గా, పిచ్చిరాతలా ఉంది. దాని పక్కన మంగళవారం, మధ్యాహ్నం రెండూ పది అని ఉంది. ఆ సమయానికి వజ్దీ వరండాలో కాఫీ తాగుతూ, సాయంత్రం పెట్టేద్దాంలే అనుకుంటున్నాడు.

"ఫైళ్లకు తాళం వేసి ఉంటుందన్నావుగా?"

"తాళం ఉంది." వజ్దీ నల్లపెట్టె వైపు చూపించాడు. "తాళంచెవి కూడా అదే మెషీన్‌లో ఉంది."

జుమానా గోడకు ఆనుకుంది. 

"ఎన్ని?" అంది.

"వరస నంబరు ప్రకారం తీసుకుపోయారు. ఒకటి నుంచి మూడువందల ఎనభై ఎనిమిది దాకా. అక్కడ నేను తీగ లాగేశాను."

*

వంటింటి బాల్కనీలో నజ్లా ములూఖియా ఆకు గిల్లుతోంది. ఆకు ఒక పళ్లెంలో, కాడలు ఒక పేపర్ మీద. డెబ్బై దాటిన మనిషి. చూపు, చెవి, నాలుక ఇంకా పదునుగానే ఉన్నాయి.

"అరగంటనుంచి ఇద్దరూ స్టోర్ గదిలో గుసగుసలాడుకుంటున్నారు. విడిపోవాలనుకుంటే హాల్లో కూర్చుని విడిపోండి, అక్కడ కుర్చీలున్నాయి," అంది.

"క్లినిక్ మెషీన్‌లోకి దొంగ దూరాడమ్మా," అన్నాడు వజ్దీ.

"తలుపు వేసే ఉందిగా."

"ఆ దొంగకి తలుపుతో పనిలేదు. ఎలా చెప్పను? మన బిల్డింగ్‌కి కాపలా కాసే నాతూర్ ఉన్నాడు చూడు, కింద కూర్చుని వచ్చినవాళ్ల చీటీలు తీసుకుంటాడు. చీటీలో పేరుంటే ఆ ఫ్లాట్‌కి ఫోన్ చేస్తాడు. అంతవరకే వాడి పని. ఇప్పుడు ఎవడో ఒక రకంగా చీటీ రాస్తే వాడు చదివి, ఆలోచించకుండా అందులో ఉన్నది చేసేస్తాడనుకో. 'పైకెళ్లి మూడో అంతస్తులో బీరువా తెరిచి ఉన్నవన్నీ తెచ్చివ్వు' అంటే తెచ్చిచ్చేస్తాడు. మా సర్వర్ అలా చేసింది."

"అలాంటి నాతూర్‌ని పనిలో ఎందుకుంచుకున్నావు?"

"వాడిలో ఆ లోపముందని ఆరురోజుల క్రితం దాకా ఎవరికీ తెలీదు."

"ఆరురోజులనుంచి తెలుసుగా," అంది జుమానా వెనకనుంచి.

నజ్లా కొడుకు మొహం చూసింది, కోడలి మొహం చూసింది. ఆకు గిల్లుతూనే ఉంది. "డాక్టర్లు రాసుకున్నవన్నీ పోయాయా?"

"అన్నీ కాదు. మూడువందల ఎనభై ఎనిమిది దాకా."

గిల్లుతున్న చెయ్యి ఆగింది.

"నంబర్లు ఎలా వేస్తారు?" అని అడిగింది నజ్లా. "పేరునిబట్టా, ముందొచ్చిన వాళ్లకు ముందా?"

"ముందొచ్చిన వాళ్లకు ముందు," అన్నాడు వజ్దీ. "ఎందుకమ్మా?"

"ఊరికే అడిగాను."

ఆమె మళ్లీ ఆకు అందుకుంది. ఈసారి ఆకు పేపర్ మీద, కాడ పళ్లెంలో పడుతోంది. వజ్దీ గమనించలేదు. జుమానా గమనించింది.

*

పది నిమిషాల తర్వాత నజ్లా తన గదిలోంచి కోడల్ని పిలిచింది. జుమానా లోపలికి రాగానే తలుపు వెయ్యమని సైగచేసింది.

మంచం మీద ఆమె చేతిసంచీ తెరిచి ఉంది. దాంట్లోంచి ఒక చిన్న అట్టముక్క తీసి కోడలి చేతిలో పెట్టింది. క్లినిక్ అపాయింట్‌మెంట్ కార్డు. డాక్టర్ ఇల్హామ్, ప్రతి బుధవారం పదకొండు గంటలకు. ఫైలు నంబరు మూడువందల డెబ్బై ఆరు. పేరు: వదాద్ సాబా.

జుమానాకు మొదట అర్థంకాలేదు. "ఎవరిది అత్తయ్యా ఇది?"

"బుధవారాలు నువ్వు యూనివర్సిటీలో పాఠం చెప్పుకోడానికి వెళ్తావు కదా."

"బుధవారం మీరు మోకాలికి వ్యాయామం చేయించుకోడానికి..."

"మోకాలికేం లేదు. ఎప్పుడూ లేదు."

జుమానా మంచం అంచున కూర్చుంది. పదమూడు నెలలుగా ప్రతి బుధవారం అత్తగారిని టాక్సీ ఎక్కించి, వచ్చాక మోకాలికి వేడినీళ్ల సంచీ పెట్టింది ఆమే.

"నువ్వే భోజనాల దగ్గర అంటుంటావుగా, ఇల్హామ్‌కి చెప్పిన మాట బావిలో వేసిన రాయి అని. ఆవిడకి నేనెవరో తెలుసు. నీతో చెప్పలేదు. మంచి మనిషి." నజ్లా సంచీ మూసింది, మళ్లీ తెరిచింది. "ఇప్పుడు బావిలో రాళ్లన్నీ ఎవడో తోడుకుపోయాడు."

"అత్తయ్యా, అందులో ఏముందో నేను అడగను. అడక్కూడదు కూడా. మీరు ఇంకొకరి పేరు పెట్టుకున్నారు. అది మీరని ఎవరికీ తెలీదు."

"వాడు చదవకూడదు." ఆమె కోడలి మణికట్టు పట్టుకుంది.  "ఆ దొంగ సంగతి తర్వాత. నా కొడుకు ఆ ఫైలు తెరవకూడదు. మాటివ్వు."

"ఇస్తున్నాను. నేను తెరవనివ్వను."

"వాడికి తెలిస్తే నేను ఈ ఇంట్లో ఉండలేను జుమానా. నువ్వు కూడా ఉండలేవేమో."

ఆ చివరిమాట ఏమిటని జుమానా అడగబోయింది. నజ్లా అప్పటికే లేచి తలుపు తెరిచేసింది.

*

హాల్లో వజ్దీ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. "ఫైళ్లు తెరవాలి," అన్నాడు. "ఏ ఫైల్లో ఇంటి అడ్రసులున్నాయి, ఎందులో ఫోన్ నంబర్లున్నాయి చూస్తే ఎవరికి ఎక్కువ ప్రమాదమో తెలుస్తుంది."

"తెరవొద్దు."

"చదవను. వెతుకుతానంతే."

"వద్దన్నాను. పేర్ల జాబితా క్లినిక్‌లో కాగితం మీద ఉంది. ఇల్హామ్ తీసుకొస్తోంది. ముగ్గురం కూర్చుని ఇవాళే ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాం."

"ఇవాళే? ఏమని చెప్తారు? మీ భర్త మిమ్మల్ని కొట్టే సంగతి, మీ కొడుకు ఎవరికి పుట్టాడన్న సంగతి ఇప్పుడు ఎవడి దగ్గరుందో మాకు తెలీదని చెప్తారా?"

"అదే చెప్తాం. వాళ్లకి తెలిసే హక్కుంది. ఇంకొకరి దగ్గర వినేకంటే మా దగ్గర వినడం నయం."

"క్లినిక్ మూతపడుతుంది."

"పడనీ."

వజ్దీ ఆమెను తేరిపార చూశాడు. "నీకు క్లినిక్ అంటే ప్రాణం. పొద్దున నన్ను తిట్టిన తిట్లకి లెక్కలేదు. అలాంటిది నేను సాయం చేస్తానంటే ఒద్దంటున్నావు. ఆ ఫైళ్లలో నా కంటపడకూడనిది ఏముంది?"

"ఆరువందలమంది బతుకులున్నాయి."

"నీది కూడా ఉందా?"

జుమానా లాప్‌టాప్ మూత మూసింది. చెప్పగలిగిన నిజం ఆమెది కాదు.

"ఇల్హామ్ దగ్గరికి వెళ్తున్నావా? నా గురించి చెప్తున్నావా?" అతని గొంతులో కోపం కంటే బెరుకు ఎక్కువగా ఉంది. "ఉంటే ఉందని చెప్పు. దొంగెవడో చదివినదాన్ని నేను చదవకూడదా?"

"నాది లేదు."

"మరి ఎవరిది?"

వీధిలో జనరేటర్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో అతని ఫోన్ చిన్నగా మోగింది. క్లినిక్‌కు వచ్చే మెయిళ్లు అతని ఫోన్‌కూ వస్తాయి. తెరిచి చూశాడు. 

"వాళ్లే," అన్నాడు.

జుమానా దగ్గరికి వచ్చేలోపే పైకి చదవడం మొదలుపెట్టాడు. "'మీ పేషెంట్ల ఫైళ్లు మా దగ్గరున్నాయి. నమ్మకం కోసం ఒకదానిలోంచి నాలుగు మాటలు పంపుతున్నాం. మాకేం కావాలో రేపు చెప్తాం. చెప్పింది చెయ్యకపోతే శనివారం అన్నీ అందరూ చూసేచోట పెడతాం.'"

"చాలు. ఇలా ఇవ్వు," అని చెయ్యి చాచింది జుమానా.

అతను ఇవ్వలేదు. "'నా భర్తను పట్టుకుపోయిన పదకొండో రోజుకే ఆయన లేడని నాకు తెలుసు. ఎక్కడ పూడ్చారో కూడా తెలుసు. అయినా పదేళ్లు ఫొటో పట్టుకుని, మనుషుల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లతో గుడారంలో కూర్చున్నాను. వాళ్లు ఏడిస్తే నేనూ ఏడ్చాను. ఇంటికొచ్చి వంట చేసుకున్నాను.'"

వంటింటి గుమ్మంలో నజ్లా నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో జుమానాకు తెలియదు.

వజ్దీ మెయిల్‌ను మళ్లీ మొదటినుంచి మనసులో చదువుకున్నాడు. యుద్ధం జరుగుతున్న రోజుల్లో అతని తండ్రిని ఒక చెక్‌పోస్టు దగ్గర కారు దింపి తీసుకుపోయారు. అప్పుడు వజ్దీకి నాలుగేళ్లు. తర్వాత చాలా ఏళ్లకు, మాయమైనవాళ్ల కోసం ఊరి మధ్య గుడారం వేస్తే, కాలేజీ అవగానే నేరుగా అక్కడికి వెళ్లి, అందరూ ఉమ్ వజ్దీ, అంటే వజ్దీ అమ్మ అని పిలిచే తల్లి పక్కన కూర్చునేవాడు. రెండేళ్ల క్రితం కూడా, ఎక్కడైనా ఎముకలు దొరికితే సరిపోల్చడానికని నోట్లోంచి నమూనా ఇచ్చి వచ్చాడు.

"అమ్మా, విన్నావా?" అన్నాడు. "ఇది మన గుడారంలో మనిషి."

నజ్లా గుమ్మం చట్రం మీద చెయ్యి వేసింది.

"మనతోపాటు కూర్చుంది. మనం చేసిన టీ తాగింది. అంతా తెలిసి." ఫోన్‌ను తల్లి వైపు ఊపాడు. "ఈమెకి ఒకరిని ఎక్కడ పూడ్చారో తెలిస్తే, అదేచోట ఇంకెంతమంది ఉన్నారో. నాన్న కూడా ఉన్నాడేమో. ఒక్కమాట చెప్పుంటే తవ్వించేవాళ్లం."

"వజ్దీ, ఆ ఫోన్ ఇటివ్వు," అంది జుమానా.

"ఎవరై ఉంటుంది? భర్త పోయినవాళ్లు ఏడెనిమిదిమందే. షాదీ వాళ్లమ్మ కదూ? ఆవిడ అందరికంటే ముందే లేచి వెళ్లిపోయేది. పొయ్యిమీద కూర ఉందనేది. ఆవిడే. ఆవిడ మొహంలో ఎప్పుడూ ఏదో..."

"ఆవిడ మీద వెయ్యకు," అంది నజ్లా.

"నీకు తెలుసా?"

"ఆవిడ ఇంట్లో మంచంపట్టిన అత్తగారు ఉండేది. అందుకని ముందు వెళ్లేది. షాదీ వాళ్లమ్మ తను చచ్చిపోయే ముందురోజు కూడా భర్త ఇస్త్రీ చొక్కా తలుపుకి తగిలించే ఉంచింది. ఆవిడ పేరెత్తకు."

"మరెవరమ్మా?"

జుమానా అత్తగారి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నజ్లా ఆమెను చూడనేలేదు.

"నేను," అంది.

వజ్దీ నవ్వబోయాడు. పెదవులు కదిలాయి గాని నవ్వు రాలేదు. తల్లి వచ్చి అతని ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుంది. ఆ వేళ్లకు ఆకు పసరు ఇంకా అంటుకునే ఉంది.

 కింద వీధిలో కూరగాయల బండివాడు మైకులో టమాటాల ధర చెప్పుకుంటూ పోయాడు.

"ఎక్కడ?" అన్నాడు వజ్దీ. 

"చెప్తాను. తీసుకెళ్లి చూపిస్తాను. ఇప్పుడు దానికంటే తొందర పనుంది."

"దానికంటే తొందర పనా? నలభై ఏళ్లు. నా ప్రతి పుట్టినరోజుకీ బల్ల దగ్గర ఆయనకో పళ్లెం పెట్టావు. నేను గదిలోకెళ్లి ఆయన ఫొటోతో మాట్లాడుతుంటే తలుపు బయట నిలబడి విన్నావు. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పనని ప్రమాణం చేశాను. నాకు చెప్పిన మనిషికి."

"ఎవరు చెప్పారు?"

నజ్లా ఒళ్లోని చేతుల్ని చూసుకుంది. "పదకొండో రోజు మధ్యాహ్నం ఒకతను వచ్చాడు. ఆయన ఉంగరం తెచ్చాడు. వాళ్లలో వాడే. చంపినవాడు కాదు, కారు తోలినవాడు. ఇప్పటి నీ కంటే చాలా చిన్నవాడప్పుడు. మెట్లమీద కూర్చుని వాంతి చేసుకున్నాడు. ఈ సంగతి తను చెప్పాడని తెలిస్తే తననీ, నన్నూ, నిన్నూ ఉంచరన్నాడు. నువ్వు గదిలో నిద్రపోతున్నావు. నేను ప్రమాణం చేశాను."

"యుద్ధం ఎప్పుడో అయిపోయిందమ్మా."

"వాళ్లు అయిపోలేదుగా. వాళ్లలో ఒకడు ఇవాళ్టికీ టీవీలో కనిపిస్తాడు. నువ్వు చూస్తూనే ఉంటావు."

వజ్దీ రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు.

"ఇల్హామ్ దగ్గర అన్నీ చెప్పాను," అంది నజ్లా.  "ఎవరు చంపారు, ఎక్కడ, కారు ఎవరు తోలారు. అన్నీ. దొంగపేరు నాకొక్కదానికే పెట్టుకున్నాను. అతనికి కూడా ఒకటి పెట్టాలని తోచలేదు. అతని అసలు పేరు ఆ ఫైల్లో ఉంది. ఊరి పేరు కూడా ఉంది. శనివారం ఇది బయటపెడితే ఆదివారానికి వాళ్లు అతని ఇంటిముందు ఉంటారు."

"ఎవరతను?"

ఆమె కొడుకు వైపు చూడలేదు. కోడలి వైపు తిరిగింది.

"జుమానా, మీ నాన్నకి ఫోన్ చెయ్యమ్మా. ఉన్నపళాన ఇల్లు వదిలి ఎక్కడికైనా వెళ్లమను."

జుమానాకు ఆ మాట చెవిలో పడింది గాని, కాసేపటిదాకా లోపలికి దిగలేదు. తొమ్మిదేళ్ల క్రితం వజ్దీ తనను మొదటిసారి ఈ ఇంటికి తీసుకొచ్చినప్పుడు, తండ్రి పేరేమిటని అడిగి, విని, నజ్లా వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. కాఫీ పొంగిపోయిందని చెప్పింది. పెళ్లిలో నజ్లా, జుమానా తండ్రీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఏమీ మాట్లాడుకోకుండా నిలబడిపోయారు. కొత్త చుట్టరికంలో మొహమాటమనుకున్నారందరూ.

"నాన్నకా?" అంది.

"త్వరగా."

జుమానా ఫోన్ తీసింది. రెండుసార్లు తప్పునొక్కి మూడోసారి నంబరు కలిపింది. వజ్దీ లేచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"స్పీకర్‌లో పెట్టు," అన్నాడు.

"ముందు నన్ను మాట్లాడనివ్వు వజ్దీ. ఆయన గుండె మంచిది కాదు."

"పెట్టు."

ఆమె స్పీకర్‌లో పెట్టింది. అటువైపు నాలుగుసార్లు మోగింది. తర్వాత ఎత్తారు. వెనకాల రేడియో, కోళ్ల చప్పుడు, దగ్గు.

"చెప్పు తల్లీ," అంది ముసలి గొంతు, ఉల్లాసంగా. "ఈవేళప్పుడు గుర్తొచ్చానేం? వజ్దీ బాగున్నాడా?"

వజ్దీ నోరు తెరిచాడు. నజ్లా కుర్చీలోంచి సగం లేచి, అలాగే ఉండిపోయింది.

"అలో?" అన్నాడాయన. "జుమానా? ఉన్నావా?"

ఏదో అనబోయిన నజ్లాకు దగ్గు వచ్చింది. అటువైపు రేడియో ఆపేసిన చప్పుడు వినిపించింది.

"ఉమ్ వజ్దీ," అన్నాడు ఆయన, ఇంకెవరికీ వినపడకూడదన్నట్టు. "చెప్పేశావా?"